అమ్మమ్మగారి ఊరు చూడబోయి

జర్మనీలో, ఈ కెమ్నిట్జ్‌లోని తెలుగువాళ్ళలో మా ఆయనకీ నాకూ ‘పోలండ్ జంట’ అని పేరు పడిపోయింది. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, యూనివర్సిటీలో చదివే పిల్లలో, కొత్తగా ఉద్యోగాలకొచ్చిన జంటలో ఫోన్ చేస్తారు. "అక్కా, వ్రోత్స్వాఫ్ వెళ్తున్నాం, ఏం చూడాలి, ఎక్కడ తినాలి?" అంటారు. నేను ఓపిగ్గా చెబుతాను. కారు ఎక్కడ పెట్టుకోవాలో, బంగాళాదుంప కూరి ఉడికించిన పియెరోగి ఏ సందులో బాగుంటాయో, రొట్టెని గిన్నెలా తొలిచి అందులో పోసిచ్చే పుల్లటి సూప్ ఎక్కడ తాగాలో, చర్చిల లంకలో సాయంత్రం గ్యాసు దీపాలు వెలిగించే నల్లకోటు మనిషి ఎటు నుంచి వస్తాడో, అన్నీ. "అబ్బ, మీరు భలే ఎంజాయ్ చేస్తారక్కా" అని ఫోన్ పెట్టేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, ఆ మంట వాళ్ళ మీద కాదు.

మేము ఆ ఊరు చూడడానికి వెళ్ళలేదు. బిడ్డ కోసం వెళ్ళాం.

నాకు నలభై దాటింది. పెళ్ళయి పదిహేనేళ్ళు దాటింది. మా ఆయనా నేనూ హైదరాబాదులో ఇంజనీరింగు ఒకే క్లాసులో చదువుకున్నాం. ఆయనది వరంగల్ వైపు, నాది కాకినాడ వైపు. ఒకరి యాసని ఒకరు వెక్కిరించుకుంటూ మొదలైన స్నేహం పెళ్ళి దాకా వచ్చింది, తరవాత జర్మనీ దాకా వచ్చింది. ఉద్యోగానికి బ్లూ కార్డు వచ్చింది, పెర్మనెంట్ రెసిడెన్సీ వచ్చింది, బాల్కనీ ఉన్న ఇల్లు వచ్చింది. రానిది ఒక్కటే. దానికోసం ఇక్కడి డాక్టర్లు చేయగలిగినవన్నీ చేశారు. సూదులు, మందులు, ఆశలు, మళ్ళీ టెర్మిన్, అంటే డాక్టరు అపాయింట్‌మెంటు, మళ్ళీ సూదులు. చివరికి లైప్‌జిగ్‌లో ఒక డాక్టరమ్మ పెన్ను టేబుల్ మీద పెట్టి, మీ అండాలతో ఇక కాదండీ అని చెప్పేసింది. ఇంకొకరు ఇచ్చిన అండంతో అయితే అవుతుంది గానీ ఈ దేశపు చట్టం దానికి ఒప్పుకోదట. "సరిహద్దు దాటితే చట్టాలు వేరు" అని కిటికీ వైపు చూస్తూ అంది. ఆ మాట మాతో అన్నట్టు కాదు, కిటికీతో అన్నట్టు.

తిరిగి వస్తుంటే మా ఆయనే కారు నడిపాడు. కెమ్నిట్జ్ బోర్డు కనబడ్డాక, "పోదాం" అన్నాడు.

"ఎక్కడికి?"

"సరిహద్దు దాటి."

"ఇంకొకళ్ళ అండం అంటే, పుట్టేది..."

"పుట్టేది మన బిడ్డ. నువ్వు మోస్తవ్, నువ్వు కంటవ్. ఇగ లెక్కలెందుకు?"

ఆ మాటకి నేను ఆయన్ని ఎంత ప్రేమించానో చెప్పలేను. కానీ వెంటనే రెండో మాట అన్నాడు. "ఎవ్వరికీ చెప్పొద్దు. మా ఇంట్ల చెప్పొద్దు, మీ పిన్నికి చెప్పొద్దు. చెప్తే ఒక్కొక్కరు ఒక్కోటంటరు. రేపు ఆ పిల్ల ముఖం చూసి గూడ అంటరు." నేను సరే అన్నాను. నా కారణం వేరు. మూడో నెల నిండేదాకా బయటపెట్టకూడదని, పెడితే దిష్టి తగులుతుందని పెరిగినదాన్ని. కంప్యూటర్ల మధ్య బతుకుతున్నా దిష్టి భయం మాత్రం పోలేదు. ఆయన నలుగురి నోళ్ళకి భయపడ్డాడు, నేను నలుగురి కళ్ళకి భయపడ్డాను. మొత్తానికి ఇద్దరం నోరు కుట్టేసుకున్నాం.

అయితే మాది నోరు కుట్టేసుకుని బతకగలిగే కుటుంబం కాదు. అమ్మ పోయినప్పటి నుంచీ నన్ను పెంచింది మా పిన్ని. ప్రతి శనివారం వీడియో కాల్ చేస్తుంది. వెనకాల గోడ మారితే "ఎక్కడున్నావే?" అని అడుగుతుంది. ఊరికే మాయమైతే పట్టుబడిపోతాం. అప్పుడు మా ఆయనకి ఆలోచన వచ్చింది. "ఊరు చూడవోయినమందాం. ఫోటోలు దిగుదాం. తినేటియి పెడదాం. ఎవ్వరికి అనుమానం రాదు." మేము టూరిస్టులమైంది అలా.

మొదటిసారి అక్టోబరులో వెళ్ళాం. మా ఊరి పక్కనుంచి పోయే ఎ ఫోర్ రోడ్డే సరిహద్దు దాటించి అక్కడిదాకా తీసుకెళ్తుంది. దారంతా సన్నటి వాన. మా ఆఫీసులో పెద్ద వయసువాళ్ళు వ్రోత్స్వాఫ్‌ని ఇప్పటికీ పాత జర్మన్ పేరుతో బ్రెస్లావ్ అనే అంటారు. ఊరికి రెండు పేర్లుంటే ఏ పేరున పిలిస్తే పలుకుతుందా అని దారిలో నేనేదో వాగాను. మా ఆయన నవ్వలేదు. ఆయన మనసంతా ఆసుపత్రి మీదే ఉంది.

ట్రామ్ ఆఖరి స్టాపుకి దగ్గర్లో ఉంది ఆసుపత్రి. కొత్త బిల్డింగు, తెల్ల సోఫాలు. ఇంగ్లిష్ బాగా మాట్లాడే ఒకావిడ మా ఇద్దరి ఫోటోలు తీసుకుని, మీ రంగువాళ్ళు మా దగ్గర దొరకరు, జుట్టూ కళ్ళూ దగ్గరగా ఉన్నవాళ్ళని చూస్తాం అంది. అండం ఇచ్చేవాళ్ళ పేరు చెప్పరు, ఫోటో చూపించరు. ముదురు గోధుమరంగు జుట్టు, అదే రంగు కళ్ళు, నా బ్లడ్ గ్రూపే, ఇరవైల్లో వయసు. అంతే చెప్పారు. "ఈ చుట్టుపక్కల అమ్మాయేనా?" అని నేను ఉండబట్టలేక అడిగాను. ఆవిడ అవునన్నట్టు చిన్నగా తల ఊపి, ఇంతకన్నా చెప్పకూడదంది. ఆ తల ఊపు నన్ను ఏం చేసిందో ఆవిడకి తెలీదు.

బయటికొచ్చాక మా ఆయన నా మొహం చూసి, "తెల్లగ పుడితే మా మేనత్త పోలిక అందాం. ఆమె గూడ గింత తెల్లగుండె" అన్నాడు. ఆ మేనత్తని నేను చూశాను. చామనఛాయ. అయినా నవ్వాను.

తరవాత మా అసలు పని, అంటే దొంగ పని మొదలైంది. పెద్ద చౌరస్తాకి వెళ్ళాం. చుట్టూ పసుపు, గులాబి, ఆకుపచ్చ రంగుల పాతకాలపు ఇళ్ళు, మధ్యలో గడియారపు టౌన్‌హాలు. ఊరంతా మోకాలెత్తు కూడా లేని కంచు మరుగుజ్జు బొమ్మలు. ఒకడు బ్యాంకు ముందు, ఒకడు దీపస్తంభం పట్టుకుని, ఒకడు బద్ధకంగా పడుకుని. జనం వాటిని వెతుక్కుంటూ తిరుగుతారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి ఫోటోలు తీస్తారు. నేను కూడా ఒక మరుగుజ్జు పక్కన గొంతుక్కూర్చున్నాను. మా ఆయన "నవ్వు" అన్నాడు. నవ్వాను. ఆ ఫోటోకి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో వచ్చినన్ని చప్పట్లు నా పెళ్ళి ఫోటోలకి కూడా రాలేదు.

మధ్యాహ్నం ఒక నేలమాళిగ హోటల్లో కూర్చుంటే, అడగకుండానే రొట్టె, పక్కన చిన్న గిన్నెలో తెల్లగా ఏదో తెచ్చి పెట్టారు. మా ఆయన వెన్న అనుకుని దట్టంగా రాసుకుని రెండు ముక్కలు లాగించేశాడు. మూడో ముక్క దగ్గర వెయిట్రెస్‌ని అడిగితే పంది కొవ్వంది. ఆయన నమలడం ఆపి నా వైపు చూశాడు. నాకు కడుపుబ్బా నవ్వొచ్చింది. ఆ రోజు అబద్ధం కాని నవ్వు అదొక్కటే. మింగలేక, కక్కలేక, "మా నాయినమ్మకు తెలిస్తే ఇంట్లకు రానియ్యదు" అన్నాడు.

మరుసటి శనివారం పిన్ని కాల్ చేసింది. ఫోటోలన్నీ చూసిందట. మురిసిపోయింది. "ఏమ్మాయ్, ఆ బొమ్మేంటి అంత బుల్లిగా ఉంది? ఆ కజ్జికాయల్లాంటివి ఉడకబెట్టి పెడతారా, నూనెలో వెయ్యరా?" అని అడిగింది. అన్నీ అడిగాక, నవ్వుతూ అంది. "మీకేమే, పిల్లా జెల్లా లేరు, కాళ్ళకి చక్రాలు కట్టుకు తిరుగుతారు. అందుకే వద్దనుకున్నారు కదూ మీరు? తెలివైనవాళ్ళే!"

పిన్ని మనసులో కల్మషం లేదు. ఆవిడ ఎంతోకాలం మొక్కులు మొక్కి, అడిగి అడిగి, ఈ మధ్యే అడగడం మానేసింది. మా ఫోటోలు చూసి తనకి తానే ఒక సమాధానం చెప్పుకుంది. వీళ్ళకి పిల్లలు వద్దట, తిరుగుళ్ళు మరిగారట. ఆ మాట మా చుట్టాల్లో పాకిపోయింది. దొంగతనం దాచుకోవడానికి వేసుకున్న ముసుగే మా మొహం అయిపోయింది. నేను కెమెరా ఆపేసి, నెట్ పోతోంది పిన్నీ అని చెప్పి, బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. బయటికొచ్చి మా ఆయనతో చెబితే, "అనుకోనీ. మనకు అదే కావాలె గద" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. నాకు అది తలకెక్కలేదు.

నవంబరు చివర్లో రెండోసారి వెళ్ళాం. ఆ అమ్మాయి అండాలతో, మా ఆయన కణాలతో రెండు పిండాలు నిలిచాయని ముందే చెప్పారు. ఒకటి నాలో పెట్టి, రెండోది మంచులో దాచి ఉంచుతామన్నారు. నొప్పేమీ లేదు. తెర మీద మిణుగురంత వెలుగు చుక్క ఒకటి కనబడింది. అంతే, అయిపోయింది, లేచి మామూలుగా తిరగొచ్చన్నారు. మామూలుగా తిరగడమట! నేను గాజుగిన్నెని మోస్తున్నట్టు నడిచాను. చౌరస్తాలో క్రిస్మస్ సంత నడుస్తోంది. దీపాలు, పొగలు, నిప్పుల మీద కాల్చిన జున్ను, వేడి వైన్. వైన్ నాకు వద్దు కాబట్టి ఇద్దరిదీ మా ఆయనే తాగి ముక్కు ఎర్రగా చేసుకున్నాడు. ఈసారి మరుగుజ్జు పక్కన గొంతుక్కూర్చోవడానికి భయమేసింది. కొయ్యలా నిలబడి ఫోటో దిగాను. గ్రూపులో మా ఆడపడుచు "వదినెకు నడుం పట్టిందా?" అని రాసింది.

ఆ రెండు రోజులూ నేను ఊరుని చూడలేదు. ఊళ్ళో అమ్మాయిల్ని చూశాను. గోధుమరంగు జుట్టు కనబడితే చాలు, నా కళ్ళు వెంటబడేవి. ట్రామ్‌లో పుస్తకం చదువుకుంటున్న అమ్మాయి, సంతలో గ్లవ్స్ అమ్ముతున్న అమ్మాయి, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని పరిగెత్తుతున్న అమ్మాయి. ఈమేనా? ఈ ముక్కేనా? నవ్వితే ఇలాగే సొట్ట పడుతుందా? ఒకమ్మాయి నా చూపుకి ఇబ్బందిపడి పక్కకి జరిగింది. మా ఆయన మోచేత్తో పొడిచి, "గట్ల చూడకు, ఏమన్న అనుకుంటరు" అన్నాడు. నేనేమీ తప్పుగా చూడలేదు. పెళ్ళిచూపుల్లో చూసినట్టు కూడా చూడలేదు. అప్పగింతల్లో చూసినట్టు చూశాను, ఇంత ఇచ్చినవాళ్ళెవరా అని.

అలా చూస్తూ చూస్తూ ఉండగా నాకు ఒక సంగతి తట్టింది. నా కడుపులో ఉన్నదానికి ఇది అమ్మమ్మగారి ఊరు. మనకి సెలవులిస్తే పరిగెత్తే ఊరు, వెళ్ళగానే కంచంలో ఏదో ఒకటి పెట్టే ఊరు. దీనికి అలాంటి ఊరు కాకినాడ కాదు, వరంగల్ అసలే కాదు. ఆ మాట మా ఆయనతో అంటే ఒక్క క్షణం బిత్తరపోయి, "అయితే తినాలె గద మరి. అమ్మమ్మ ఊరికి వచ్చి తినకుంట పోతరా?" అన్నాడు. ఆ ఒక్కమాటతో మా తిండి అబద్ధం కాకుండా పోయింది.

మావైపు, కడుపుతో ఉన్న ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు చలిమిడి చేసి తెచ్చి ఒళ్ళో పెడతారు, కడుపు చల్లగా ఉండాలని. మా పిన్ని మా చెల్లెలికి పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. బియ్యప్పిండీ బెల్లపు పాకం వాసన ఇల్లంతా. నా బిడ్డకి అమ్మమ్మ వరస అయినవాళ్ళు అలా తెచ్చి పెట్టరు, వాళ్ళెవరో తెలీదు కాబట్టి. అందుకని ఆ ఊరు ఏది పెడితే అది తిన్నాను. బీట్‌రూట్ చారు తాగాను. మాంసం, క్యాబేజీ కలిపి రోజంతా ఉడికించే కూర తిన్నాను. పాత మార్కెట్ హాల్లో ఒక ముసలావిడ గసగసాలు దట్టించి చుట్టిన తియ్యరొట్టె అమ్ముతోంది. ఒక ముక్క కొంటే, నా మొహంలో ఏం చూసిందో, ఇంకో ముక్క కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. ఏదో అంది, నాకు అర్థం కాలేదు. ఆ ముక్కని నేను చలిమిడి అనుకునే తిన్నాను. నిలబడి కాదు, బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని తిన్నాను.

అన్నిటికన్నా నచ్చింది ఆ పుల్లటి సూప్. గోధుమలాంటి రై అనే ధాన్యం పిండిని రోజుల తరబడి పులియబెట్టి కాస్తారట. మొదటి చెంచాకే నోట్లో మా ఇంటి తరవాణి రుచి తగిలింది. చద్దన్నంలో గంజి పోసి పులియబెట్టిన ఆ తరవాణి తాగి ఎన్నేళ్ళయిందో!

డిసెంబరులో తెలిసింది, నిలిచిందని. కెమ్నిట్జ్‌లో మా ఫ్రావెన్ ఆర్ట్స్ట్, అంటే ఆడవాళ్ళ డాక్టరు, ఎక్కడ చేయించుకున్నారని అడగలేదు. అడగకపోవడమే ఆవిడ మంచితనం. కొత్త సంవత్సరం వచ్చాక తెర మీద గుండె కొట్టుకోవడం చూపించింది. మా ఆయన తెరకి దణ్ణం పెట్టాడు. డాక్టరమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

ఆ రోజుల్లో నాకు ఇంకేమీ సహించేది కాదు. అన్నం వాసనకే తిప్పేది. సూప్ ఒక్కటే కావాలి. మా ఆయన కెమ్నిట్జ్‌లో ఉన్న పోలిష్ కొట్టుకి వెళ్ళి, పులిసిన పిండినీళ్ళ సీసాలు తెచ్చేవాడు. కాచి, ఉడికించిన గుడ్డు వేసి, ఉండబట్టలేక చివర్లో ఎండుమిరపకాయ, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు పెట్టేవాడు. "అమ్మమ్మ దిక్కుది సగం, నాయినమ్మ దిక్కుది సగం" అని గిన్నె నా ముందు పెట్టేవాడు. బయట మంచు. మా కిటికీ అద్దాలు ఆవిరి పట్టి ఉండేవి. నా జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ తినలేదు. శనివారం పిన్ని కాల్ చేస్తే నోటి చివరిదాకా వచ్చేది మాట. మూడో నెల నిండనీ, చలిమిడి నువ్వే చేసి పంపుదువు గాని అని లోపలే అనుకుని మింగేసేదాన్ని.

మూడో నెల నిండలేదు. జనవరి ఆఖరున మామూలు టెర్మిన్‌కి వెళ్తే, డాక్టరమ్మ చాలాసేపు చూసింది. ఆ రోజు తెర నా వైపు తిప్పలేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, గుండె ఆగిపోయిందని చెప్పింది. మిగతా పని ఆసుపత్రిలో పగటిపూటే అయిపోయింది. సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

ఆఫీసుకి సెలవు చీటీ వెళ్ళింది. కొలీగ్స్ అందరూ ‘గూటె బెస్సెరుంగ్’ అని, త్వరగా కోలుకోమని మెయిల్స్ పెట్టారు. జలుబనుకున్నారు. ఒకావిడ అల్లం టీ తాగమని రాసింది.

మన దగ్గర ఇంట్లో ప్రాణం పోతే ఆ పూట పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కలవాళ్ళు అన్నం తెచ్చి పెడతారు. పలకరించడానికి వస్తారు, ఏం మాట్లాడాలో తెలియక గోడకి ఆనుకుని కూర్చుంటారు, వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని కూడా అనరు. నాకు ఆ గోడకి ఆనుకుని కూర్చునే మనుషులు కావలసి వచ్చారు. ఎవరొస్తారు? బిడ్డ వచ్చిందని తెలిస్తే కదా పోయిందని తెలిసేది. ఆ పూట మా ఇంట్లోనూ పొయ్యి పెట్టలేదు. మాది నిప్పు లేని కరెంటు పొయ్యి, అయినా పెట్టలేదు. ఎండిన బ్రెడ్డు చెరో ముక్క తిన్నాం. ఫ్రిజ్‌లో సూప్ సీసా ఇంకొకటి ఉంది. మా ఆయన దాన్ని సింకులో వంపేసి, సీసా కడిగి, చాలాసేపు కడిగి, బుట్టలో పడేశాడు.

ఆ శనివారం పిన్ని కాల్ చేసింది. నేను వీడియో పెట్టలేదు. "ఈమధ్య ఎక్కడికీ వెళ్ళలేదేమే? ఫోటోలు లేవు" అంది. మంచు పిన్నీ అన్నాను. "పోనీ ఆ పుల్లటి సూప్ అన్నావు చూడు, అదెలా చేస్తారో చెప్పు, వింటాను" అంది. నాకు వద్దనడానికి కూడా ఓపిక లేదు. పిండి ఎలా పులియబెడతారో, ఎన్నాళ్ళు ఉంచుతారో, గుడ్డు ఎప్పుడు వేస్తారో, పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని అన్నీ చెప్పాను. పిన్ని శ్రద్ధగా విని, "అయితే తరవాణే కదే! నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మకి రోజూ అదే కావాలి. ఇంకేమీ ముట్టేది కాదు" అంది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. నేను దిండుని నోట్లో కుక్కుకున్నాను. "ఏమ్మాయ్, ఉన్నావా?" అని రెండుసార్లు అడిగి, లైను పోయిందనుకుని పెట్టేసింది.

అప్పుడే మా ఆయన్ని అడిగాను, చెప్పేద్దామా అని. "ఇంకోటి ఉన్నది గద. అది నిలిచినంక ఒక్కసారే చెప్దాం, మంచి మాట చెప్దాం" అన్నాడు. కోపమొచ్చింది. ఏడుపు పంచుకోవడానికి కూడా మంచి మాట కావాలా అని అరిచాను. ఆయన తిరిగి అరవలేదు. ఆయన అరిచి ఉంటే బాగుండేది.

మే నెలలో ఆ రెండో పిండం కోసం వెళ్ళాం. పొద్దున హోటల్లో టిఫిన్ చేస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మంచులోంచి తీసి కరిగిస్తే పిండం నిలబడలేదట. చాలా విచారిస్తున్నామంది ఆ ఇంగ్లిష్ ఆవిడ. మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టవచ్చంది, ఆ పాత అమ్మాయి కాదు గానీ వేరే అమ్మాయి దొరుకుతుందంది. వద్దండీ అన్నాను. మా ఆయన నా వైపు చూశాడు గానీ, ఎందుకు వద్దన్నావని అప్పుడూ అడగలేదు, ఇప్పటిదాకా అడగలేదు. నా ఒంట్లో ఓపిక అయిపోయింది. అంతకన్నా, ఇంకో అమ్మాయిని వీధుల్లో వెతకడానికి నాకు మనసొప్పలేదు.

"ఇంటికి పోదామా?" అన్నాడు.

"ఊరు చూద్దాం" అన్నాను. "ఒక్కసారి కూడా చూడలేదు మనం."

చూశాం. చర్చిల లంకకి వంతెన మీదుగా నడిచాం. చర్చి గోపురం ఎక్కాం. పైనుంచి నది పాయలు పాయలుగా, ఎర్ర పెంకుల కప్పులు వానకి తడిసి, ఊరు ఎంత అందంగా ఉందో. నాకు ఆ అందం మీద పిచ్చి కోపం వచ్చింది. ఎవరికీ ఏమీ కానట్టు అంత బాగుండడమేమిటి అనిపించింది. మా ఆయన ఫోన్ జేబులోంచి తియ్యలేదు, నవ్వమనలేదు. ఇద్దరం ఆ గోపురం గోడ దగ్గర చలిలో నిలబడ్డాం.

మధ్యాహ్నం మామూలు జనం తినే చవక క్యాంటీన్‌కి వెళ్ళాం. ట్రే పట్టుకుని వరసలో నిలబడి తెచ్చుకోవాలి. పియెరోగి తెచ్చుకున్నాం, పైన వేయించిన ఉల్లిపాయలు. పక్క టేబుల్ దగ్గర ఒక ముసలావిడ మనవడికి తినిపిస్తోంది. రెండేళ్ళుంటాయి వాడికి. ముక్క తుంచి, ఊది, నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంటున్నాడు. ఆవిడ నన్ను చూపించి ఏదో చెప్పింది. చూడు, ఆ అత్త ఎంత బాగా తింటోందో అన్నట్టుంది. వాడు నన్నే చూస్తున్నాడు. నేను పెద్ద ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నమిలి చూపించాను. వాడు నోరు తెరిచాడు. నా పళ్ళెంలో ఉన్నవి అయిపోయేదాకా అలా వాడికి చూపిస్తూ తిన్నాను. వాళ్ళు లేచి వెళ్ళిపోయాక మా ఆయన తన పళ్ళెంలోవి రెండు నా పళ్ళెంలో వేశాడు. నేను తినలేకపోయాను.

కారు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ వాన మొదలైంది. సామాను డిక్కీలో పెట్టి, ఆయన స్టీరింగు ముందు కూర్చుని, తాళం తిప్పకుండా అలాగే ఉండిపోయాడు. అద్దం మీద వాన ధారలు కడుతోంది.

"ఇగ ఈ దిక్కు రావద్దు" అన్నాడు. "మనకెవరున్నరు ఈడ?"

"ఉంది" అన్నాను. "ఎవరో చెప్పరు, అంతే."

ఆయన స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. నాకు తెలిసినప్పటి నుంచీ ఆ మనిషి ఏడవడం చూడలేదు. లైప్‌జిగ్‌లో ఏడవలేదు, ఆసుపత్రిలో ఏడవలేదు, సూప్ సింకులో పోసినప్పుడు ఏడవలేదు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను దిగి, వానలో కారు చుట్టూ తిరిగి వెళ్ళి, తలుపు తీసి, జరగమన్నాను. జరిగాడు. ఇంటిదాకా కారు నేనే నడిపాను.